ఫైబర్ కారు బాడీ: కోతలో నేర్పు, ధూళితో ముప్పు

ఇనుప రేకు సొట్టపడితే మేస్త్రీ సుత్తితో సరిచేస్తాడు. ఫైబర్ గ్లాస్ బాడీకి ఆ విద్య పనికిరాదు. కొడితే పగులుతుంది. 1980లలో బెంగుళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కారుది ఇటువంటి బాడీయే. ఇంగ్లండులోని రిలయంట్ కిటెన్ కారు దానికి నమూనా. ఈ బాడీ బరువు తక్కువ, తుప్పు పట్టదు. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకునే కార్లకు కూడా విదేశాల్లో ఎక్కువగా దీన్నే వాడతారు.

గాజు పీచును అచ్చులో పరచి, రెజిన్ పట్టించి బాడీ తీస్తారు. అచ్చు నుంచి వచ్చిన అంచులు ఎగుడు దిగుడుగా ఉంటాయి. వెంటనే కోయకూడదు. ముందు బాడీని ఛాసిస్ మీద ఉంచి, తలుపుల సందులు, చక్రాల ఎడం రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో కొలవాలి. తర్వాతే గీత గీయాలి. గీతకు రవ్వంత బయట కోసి, మిగిలింది ఆకురాయితో అరగదీయాలి. ఎక్కువ కోస్తే మళ్ళీ పీచు, రెజిన్ అతికించి ఆరబెట్టవలసిందే. బోల్టు కింద వెడల్పు వాషరు వేయకపోతే రంధ్రం చుట్టూ చీలుతుంది.

బాడీ చెడితే అతకవచ్చు. మనిషి ఊపిరి చెడితే అతుకు లేదు. కోతలో లేచే గాజు ధూళి చర్మానికి దురద, కళ్ళకు మంట తెస్తుంది, ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే ఆ సన్నని ధూళి ఆగదు. గాలి ఆడే చోట, తడిపి కోయాలి. పని బట్టలు విడిగా ఉతకాలి. పల్లెల నుంచి హైదరాబాదు వంటి నగరాల షెడ్లకు వెళ్ళే కుర్రాళ్ళు కూలి మాట్లాడుకునేటప్పుడే మాస్కు, కళ్ళద్దాల సంగతి కూడా తేల్చుకోవాలి.