పాత పుస్తకానికి పట్టిన వాసన

తెలుగునాటికి దూరంగా ఉన్న ఊళ్ళలో కొత్త తెలుగు పుస్తకం దొరకడం కష్టం. పాత పుస్తకాల అంగడిలోనో, చుట్టాల ఇంటి అటక మీదనో దొరికినదే భాగ్యం. అయితే అట్ట తెరవగానే ముక్కిన వాసన గుప్పుమంటుంది. అది భరించలేక కొందరు పుస్తకాన్నే తూకానికి వేస్తారు.

వాసనలన్నీ ఒకటి కావు. చౌక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ విచ్ఛిన్నమై కొంచెం తియ్యని వాసన ఇస్తుంది. అది కాగితం వయసు వాసన. దానితో పేచీ లేదు. ముక్కిన వాసన మాత్రం బూజుది. గాలిలో తేమ 65 శాతం దాటి చాలాకాలం నిలిస్తే కాగితం మీద బూజు పెరుగుతుంది.

కనుక మొదట తేమ పోవాలి. వాన లేని రోజున పుస్తకాన్ని నీడలో, గాలి ఆడేచోట, పుటలు విసనకర్రలా విచ్చుకునేటట్లు నిలబెట్టాలి. మండుటెండ పనికిరాదు, కాగితం పసుపుబారి పెళుసెక్కుతుంది. ఆరిన తరువాత ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, ఆరుబయట మెత్తని కుంచెతో బూజు దులపాలి. ఆపైన మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఒక గిన్నెడు బొగ్గు ముక్కలు గాని, వంటసోడా గాని ఉంచి, వాటికి తగలకుండా పుస్తకాన్ని పెట్టి మూయాలి. బొగ్గులోని సన్నని రంధ్రాలు వాసనను పట్టి ఉంచుతాయి. వారం రోజులైనా పట్టవచ్చు. నడుమ పుటలు తిప్పుతూ ఉండాలి. పాత ఉత్తరాలకు, కార్డులకు కూడా ఇదే పద్ధతి.

అత్తరు చల్లడం వట్టి పని. వాసన మీద వాసన చేరుతుంది, మరకలు అదనం. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి. అక్కడ వస, లవంగాలు, మిరియాలు మొదలైన వాటి పొడిని గుడ్డలో మూటకట్టి గ్రంథాల నడుమ ఉంచేవారు. అది పురుగు పట్టకుండా చేసే ఉపాయమే గాని వాసనకు మందు కాదు.

బాగుపడిన పుస్తకాన్ని చెమ్మగోడకు ఆనించి పెడితే వానకాలంలో కథ మళ్ళీ మొదటికి వస్తుంది. బీరువాకు, గోడకు నడుమ జానెడు ఖాళీ ఉండాలి.