ఇటుక పేర్చక ముందే పటము గీసికొనవలెను



ఓరుగల్లు ప్రాంతమువారికి ఇటుక పని క్రొత్త కాదు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో కట్టించిన రామప్ప గుడి శిఖరమునకు నీటిపై తేలునంత తేలిక ఇటుకలను వాడిరి. శిఖరపు బరువును ముందే యోచించి చేసిన పని అది. మనము పెరటిలో కట్టుకొను ఎరువు తొట్టి ఎంత చిన్నదైనను, దానికిని ముందు యోచన అవసరము.

ఈ సంగతి నా పొరపాటు వలననే నాకు బోధపడినది. వానపాముల ఎరువు తొట్టి కట్టదలచిన ఒక రైతుకు, లోపలి కొలత 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అని కాగితముపై వ్రాసి ఇచ్చితిని. ఆ కొలతకు ఇటుక సరిపడునా అని చూడనైతిని. మేస్త్రీ ప్రతి వరుసలోను ముక్కలు కొట్టి అతికెను. ముక్కపై ముక్క పడి, నిలువు సందులు క్రిందినుండి పైకి ఒకే గీతగా వచ్చినవి. తొట్టి నింపి తడిపిన తరువాత గోడ ఆ గీత వెంబడియే చీలినది. ఇటుకల ఖర్చు, కూలి రెండును రైతుకు నష్టమైనవి.

గోడ బలము ఇటుకలోనే కాదు, కట్టుబడిలోను కలదు. క్రింది రెండిటుకల నడిమి సందుపై పై ఇటుక నడుము రావలెను. అప్పుడే ఒత్తిడి ఇరుప్రక్కల ఇటుకలకు పంచుకొనబడును. ఇట్లు వచ్చునో రాదో ముందే చూచుకొనుటకు కంప్యూటరులో బొమ్మలు గీయు సాధనములు చక్కగా ఉపయోగపడును. లిబ్రె ఆఫీస్ డ్రా అనునది ఉచితముగా లభించును.

మొదట మీ బట్టీ ఇటుకను కొలువవలెను. పది ఇటుకలను బారుగా పేర్చి, మొత్తము పొడవును పదిచే భాగించి, సందు కొరకు 3/8 అంగుళము కలుపవలెను. వెడల్పును, మందమును కూడ ఇట్లే చూడవలెను. సందుతో కలిపి పొడవు 9, వెడల్పు 4½, మందము 3 అంగుళములు వచ్చినదనుకొందము.

తెరపై గ్రిడ్ అను గడులు కనబడునట్లు పెట్టుకొని, ఒక్కొక్క గడిని 4½ అంగుళములుగా తలచవలెను. అప్పుడు ఇటుక అనగా రెండు గడుల దీర్ఘచతురస్రము. దానిని ఒకమారు గీసి, కాపీ తీసి అతికించుచు పోవచ్చును.

ఇప్పుడు 10 అడుగుల కొలతను చూడుడు. అది 120 అంగుళములు. 26 గడులు పోగా 3 అంగుళములు మిగులును. రెండు పొడుగు గోడలలోను ప్రతి వరుసకు ఒక్కొక్క ముక్క చొప్పున, 8 వరుసలకు 16 ముక్కలు కావలెను. పొడవును 27 గడులకు, అనగా 10 అడుగుల 1½ అంగుళమునకు పెంచినచో ఒక్క ముక్కయు అక్కరలేదు. వెడల్పు 3 అడుగులు సరిగా 8 గడులు. గోడ మందము ఒక గడి గనుక వెలుపలి కొలత 29 గడులు, 10 గడులు అగును.

ఒక మూలనుండి మొదలిడి, చుట్టును రెండేసి గడులకు ఒక ఇటుకను పరచవలెను. మూలలో ఒక గడి మిగిలినచో, ప్రక్క గోడలోని మొదటి గడితో కలిపి ఇటుకను త్రిప్పి పెట్టవలెను. 37 ఇటుకలతో చుట్టు పూర్తియగును. రెండవ వరుసను వేరొక రంగుతో, ఒక గడి జరిపి మొదలిడవలెను. రెండు పటములను పోల్చి చూచినచో, సందుపై సందు పడిన చోటు వెంటనే కంటికి తెలియును. తెరపై తప్పును తుడుచుటకు కాసు ఖర్చు లేదు.

లెక్కయు పటమునుండియే వచ్చును. 37 చొప్పున 8 వరుసలకు 296 ఇటుకలు, లోపలి నేల పరచుటకు 108, మొత్తము 404. విరుగుడుకు నూటికి ఐదు కలిపి సుమారు 425 తెచ్చుకొనిన చాలును. నేలను ఒక మూలకు వాలుగా పరచి, అక్కడ గోడ అడుగున నీరు పోవు సందును పటములోనే గుర్తింపవలెను.

19×9×9 సెంటీమీటర్ల ప్రామాణిక ఇటుక వాడువారు, సందుతో కలిపి గడిని 10 సెంటీమీటర్లుగా పెట్టుకొనవలెను. కంప్యూటరు అందనివారికి పిల్లల గళ్ళ నోటుపుస్తకము చాలును. కార్యాలయములో కంప్యూటరు ఉన్న గ్రామోద్యోగులు ఒక పటము గీసి ముద్రించి ఇచ్చినచో, అదే పలువురు రైతులకు ఉపయోగపడును. అయితే కప్పు మోయు గోడలకు ఈ పటము చాలదు. వాటికి ఇంజనీరు సలహా తప్పనిసరి.

పటమును మేస్త్రీ చేతికిచ్చి, మొదటి రెండు వరుసలను సిమెంటు లేకుండ పొడిగా పేర్చి చూపుమని కోరవలెను. పటములో తప్పున్నదని అతడు చూపినచో, పటమునే దిద్దుకొనవలెను. పని మొదలు కాకముందు దిద్దుకొనుట సులభము.