రాత్రి డ్యూటీ, పగలు డిగ్రీ - మరి నిద్ర ఎప్పుడు?

ఈ శీర్షిక చదివేవారిలో నర్సులు చాలామందే ఉన్నారు. నర్సుల తల్లులు, భర్తలు, అత్తగార్లు అంతకంటే ఎక్కువమంది. ఈమధ్య వీరంతా తిప్పి తిప్పి అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "ఉద్యోగం మానకుండా, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని నర్సింగు డిగ్రీ చదవాలని ఉంది. ఒళ్ళు తట్టుకుంటుందా?"

తట్టుకుంటుంది. చదువు మూలంగా ఎవరి ఆరోగ్యమూ పాడవదు. ఆ చదువుకోసం నిద్రలోంచి కోసుకునే గంటలున్నాయే, వాటి మూలంగా పాడవుతుంది. ఈ తేడా మీకు బోధపడితే సగం వైద్యం అయినట్లే.

అసలీ ఆన్‌లైన్ డిగ్రీ బాగా పాతుకుపోయింది అమెరికాలో. అక్కడ రెండేళ్ళ కోర్సు చదివి, లైసెన్సు పరీక్ష నెగ్గి నర్సులైనవారు లక్షల్లో ఉన్నారు. 2003లో లిండా ఐకెన్ అనే ఆచార్యురాలి బృందం పెన్సిల్వేనియా ఆస్పత్రుల లెక్కలు తీసి ఒక సంగతి బయటపెట్టింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా నూటికి 10 వంతులు ఎక్కువగా ఉన్నచోట, ఆపరేషను చేయించుకున్న రోగులు నెలలోపు మరణించే అవకాశం నూటికి 5 వంతులు తక్కువగా ఉందట. 2010లో అక్కడి వైద్య నిపుణుల సంస్థ, 2020 నాటికి నర్సుల్లో నూటికి 80 మంది డిగ్రీ ఉన్నవారై ఉండాలని సిఫారసు చేసింది. 2017లో న్యూయార్క్ రాష్ట్రం కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్ళలోగా డిగ్రీ తెచ్చుకోవాలని చట్టమే చేసింది. ఇక ఉద్యోగంలో ఉన్నవారు ఏం చేస్తారు? ఇల్లు కదలకుండా చదివే దారి పట్టారు. ఇక్కడ జి.ఎన్.ఎం. చదివి అక్కడికి వెళ్ళిన మన తెలుగు ఆడపడుచులకూ అదే దారి.

ఆ చదువు తీరు తెలుసుకోవడం మంచిది. సూది వెయ్యడం, కట్టు కట్టడం అందులో ఉండవు. అవి వచ్చినవారే గదా చేరేది! గణాంకశాస్త్రం, పరిశోధన పద్ధతులు, సమాజ ఆరోగ్యం, వార్డు నిర్వహణ - ఇవీ పాఠాలు. ఒక్కొక్క కోర్సు అయిదు నుంచి ఎనిమిది వారాల్లో ముగిసిపోవడం పరిపాటి. వారం మధ్యలో ఒక ప్రశ్నకు జవాబు రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. తోటివారు రాసినవాటికి బదులివ్వాలి. ఆదివారం అర్ధరాత్రిలోగా వ్యాసం పంపాలి. గడియారం పన్నెండు కొట్టిందా, తలుపు మూసుకుపోతుంది.

ఇరవయ్యేళ్ళు వార్డులో పనిచేసిన సిస్టర్లకు మొదట్లో ఒళ్ళు మండుతుంది. "ప్రాణం పోతున్న మనిషిని నిలబెట్టడం తెలిసిన నాకు, వ్యాసం చివర పుస్తకాల పట్టికలో కామా తప్పిందని మార్కులు కోశారు డాక్టరుగారూ" అని ఒక తెలుగు సిస్టరు వాపోయింది. ఆవిడ కోపం న్యాయమేననిపించింది నాకు. అయితే ఆ తర్వాత ఆవిడే చెప్పిన మాట కూడా మీరు వినాలి. ఇన్నాళ్ళూ రోగి ఇంటికి వెళ్ళిపోతే తన పని అయిపోయిందనుకునేదట. సమాజ ఆరోగ్యం చదివాక, చక్కెర జబ్బు మనిషి మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తున్నాడో, ఇంటి దగ్గర ఏం తింటున్నాడో, మందు కొనగలుగుతున్నాడో లేదో అడగడం మొదలుపెట్టిందట. చదువంటే ఇదీ.

మరి మన దేశం మాట. ఇక్కడ కాస్త హెచ్చరిక అవసరం. యు.జి.సి. 2020లో తెచ్చిన నిబంధనలు దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని నడపకూడని కోర్సుల జాబితాలో నర్సింగును చేర్చాయి. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారు ఉద్యోగంలో ఉన్న నర్సులకోసం పెట్టిన పోస్ట్ బేసిక్ డిగ్రీ దూరవిద్యే అయినా, అందులోనూ నిర్ణయించిన కేంద్రానికి వెళ్ళి ప్రాక్టికల్స్ చెయ్యాల్సి వచ్చేది. కాబట్టి "ఆస్పత్రి గుమ్మం తొక్కనక్కర్లేదు, ఏడాదిలో డిగ్రీ" అని ఫోనుకు వచ్చే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి. ముందుగా రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో విచారించండి. పాఠాలు ఫోనులో విన్నంత మాత్రాన నష్టం లేదు. పట్టా చెల్లుతుందా అన్నదే ప్రశ్న.

చదువు ఏ దేశానిదైనా ఒళ్ళు ఒక్కటే. ఇక అసలు విషయానికి వద్దాం.

రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కి, పొద్దున ఎనిమిదికి దిగిన మనిషి ఇంటికొచ్చి "రెండు గంటలు చదివేసి పడుకుంటాను" అంటుంది. ముందు రోజు మధ్యాహ్నం లేచిన మనిషి అప్పటికే పద్దెనిమిది, ఇరవై గంటలు మెలకువగా ఉందన్నమాట. పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్నవారి చురుకుదనం, కొద్దిగా సారా పుచ్చుకున్నవారి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ స్థితిలో చదివినది తలకెక్కదు. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు పదిలపరచుకునేది నిద్రలోనే. నిద్ర మానుకుని చదవడమంటే చిల్లుకుండలో నీళ్ళు పొయ్యడమే. అంతకంటే ముఖ్యం - మర్నాడు రాత్రి మందు మోతాదు లెక్కకట్టేది ఆ చెయ్యే. తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య ఎవరికైనా మెదడు మందగిస్తుంది. నిద్ర బాకీ కూడా తోడైతే సున్నా ఒకటి అటూ ఇటూ కావచ్చు. స్కూటరు మీద ఇల్లు చేరేవారైతే దారిలో కునుకు పట్టవచ్చు. ఆ పూట బస్సెక్కండి, లేదా ఎవరినైనా రమ్మనండి.

కాబట్టి వరుస మార్చండి. డ్యూటీ దిగగానే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికి రండి. ఎండ కంటపడితే ఒంట్లోని గడియారం తెల్లవారిందని నమ్మి నిద్రను చెదరగొడుతుంది. తేలికగా ఏదైనా తిని, కిటికీకి దళసరి దుప్పటి కట్టి, ఫోను వేరే గదిలో పెట్టి, ముందు పడుకోండి. చదువు లేచిన తర్వాత. మళ్ళీ డ్యూటీకి వెళ్ళేముందు అరగంట కునుకు తీస్తే ఎంతో మేలు. కాఫీ, టీలు డ్యూటీ మొదటి సగంలో సరిపెట్టుకోండి. తాగిన అయిదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది.

నిజానికి ఈ వ్యాసం నర్సులకంటే వారి ఇంట్లోవారు చదవాలి. కంప్యూటరు ముందు నుంచి లేపేవారు లేరుగాని, పడుకున్న మనిషిని లేపేవారు బోలెడుమంది. పాలవాడు, గ్యాసు సిలిండరు, కొరియరు, "సిస్టరుగారూ, మావాడికి జ్వరం, ఒకసారి చూస్తారా" అనే పక్కింటి పిన్నిగారు. "పగలంతా పడుకునే ఉంటుందమ్మా" అని అత్తగారు నలుగురిలో నవ్వుతూ అన్నా ఆ మాట గుచ్చుకుంటుంది. మగనిద్రకు ఇంటిల్లిపాదీ మునివేళ్ళ మీద నడుస్తారు. ఆడనిద్రకు కుక్కరు ఈల కూడా ఆగదు! నర్సు భర్తగారూ, మీరు చెయ్యగల సాయం కళాశాల ఫీజు కట్టడం ఒక్కటే కాదు. డ్యూటీ దిగిన రోజు మధ్యాహ్నం వంట, పిల్లల బడి పనులు మీవి. కాలింగు బెల్లు స్విచ్చి తీసేయండి.

తిండి సంగతి. అర్ధరాత్రి వార్డులో బిరియానీ, మిరపకాయ బజ్జీలు తిని, ఛాతీలో మంట అని మాత్రలు మింగుతుంటారు. డ్యూటీకి ముందే భోజనం చేసి, నడిరాత్రి మజ్జిగ, రెండు ఇడ్లీలు, ఓ పండు తీసుకుంటే చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. నర్సులకు మినహాయింపేమీ లేదు. "చదువుతుంటే అలసట, అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అనేవారు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి పట్టదు.

చివరిగా ఒక విషయం, నర్సులతో సూటిగా. మందుల అలమార మీ చేతికందే దూరంలో ఉంటుంది. పగలు నిద్రపట్టలేదని ఒక నిద్రమాత్ర, రాత్రి మెలకువకు ఇంకొకటి - ఇది మొదలుపెట్టకండి. మాత్ర లేనిదే కన్ను మూతపడని స్థితికి కొద్ది వారాల్లోనే చేరుకోవచ్చు. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా డాక్టరు సలహాతో తగ్గించుకోండి. మూడు వారాలు దాటినా నిద్ర కుదరకపోయినా, గుండె దడదడలాడుతున్నా, నెలసరి తప్పుతున్నా, ఊరికే ఏడుపొస్తున్నా వైద్యుణ్ణి చూడండి. థైరాయిడ్, బి.పి., చక్కెర చూపించుకోండి. అవసరమైతే ఆ టర్ములో ఒక కోర్సు తగ్గించుకోండి. రెండేళ్ళ డిగ్రీ మూడేళ్ళకు వచ్చినా పట్టా మీద ఆ సంగతి ఎవరూ రాయరు.