స్మార్ట్ బోర్డు వచ్చింది, మరి టీచర్‌కు శిక్షణ?

అడ్మిషన్ల కాలంలో నల్లగండ్ల లాంటి ఐటీ కాలనీల్లో బడి చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులకు డిజిటల్ క్లాస్‌రూమ్ గురించి గొప్పగా చెబుతారు. ఆ బోర్డు వాడే టీచర్‌కు ఏ శిక్షణ అందిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నిజానికి పిల్లల చదువు ఎక్కువగా ఆధారపడేది ఈ రెండో విషయం మీదే.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలి. అంతకుముందే 2017లో కేంద్రం ‘దీక్షా’ వేదికను తెచ్చింది. 2019లో సుమారు 42 లక్షల మంది ప్రాథమిక స్థాయి టీచర్ల కోసం ‘నిష్ఠా’ మొదలైంది. మొదట ముఖాముఖిగా జరిగిన ఈ శిక్షణ, కరోనా వల్ల బడులు మూతపడటంతో 2020లో దీక్షాలోకి మారింది. టీచర్ ఫోన్‌లోనే వీడియో చూసి, ప్రశ్నలకు జవాబులిచ్చి, సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఊరు దాటి వెళ్లే పని లేదు, ఖర్చు లేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. వీడియో పూర్తయినంత మాత్రాన పాఠం చెప్పే తీరు మారదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లోనే ఈ సంగతి వివరించారు. మంచి శిక్షణలో విషయం చెప్పడం, చేసి చూపించడం, టీచర్‌తో చేయించడం, ఎలా చేశారో చెప్పడం, తర్వాత తరగతిలో తోడుండడం అన్నీ ఉండాలన్నారు. వీడియో మొదటి రెండు పనులు బాగా చేస్తుంది. మిగతా మూడింటికి మనిషి కావాలి.

ఉదాహరణకు భిన్నాల పాఠం తీసుకుందాం. మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి, మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదని చాలామంది పిల్లలు అనుకుంటారు. రొట్టె ముక్కలు చేసి చూపించే వీడియోను టీచర్ చూశారనుకోండి. మర్నాడు తరగతిలో అలాగే చెప్పి, తన పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, తోటి టీచర్‌తో కలిసి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఏ పిల్లవాడు తలూపాడు, ఎవరికి నిజంగా అర్థమైంది, ప్రశ్న అడిగాక జవాబుకు ఎంతసేపు ఆగారు? ఇవన్నీ అందులో కనిపిస్తాయి. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మామూలు ఫోన్, నమ్మకమైన సహోద్యోగి, వారానికి ఒక గంట చాలు.

ముస్లిం కుటుంబాలకు భాష మరో ముఖ్యమైన విషయం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఫోటోసింథసిస్‌ను తెలుగు పుస్తకం కిరణజన్య సంయోగక్రియ అంటుంది, ఉర్దూ పుస్తకం జియాయీ తాలీఫ్ అంటుంది. ఆకు, ఎండ, నీళ్లు చూపించి పిల్లలకు తెలిసిన మాటల్లోంచి ఆ పదం దాకా తీసుకెళ్లడం కూడా నేర్చుకోవాల్సిన నైపుణ్యమే. నల్లగండ్లకు దగ్గర్లో, గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం (1998)లో ఉర్దూ మాధ్యమ టీచర్ల వృత్తిపర అభివృద్ధికి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఉర్దూ మీడియం బడులు నడిపేవాళ్లు దాన్ని ఉపయోగించుకోవాలి.

తల్లిదండ్రులు ఏం చేయాలి? పేరెంట్స్ మీటింగ్‌లో మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఈ ఏడాది టీచర్లు ఏ శిక్షణ తీసుకున్నారు? దాని తర్వాత తరగతిలో ఏం మారింది? ఒకరి పాఠాన్ని మరొకరు చూసి మాట్లాడుకునే సమయం టైమ్‌టేబుల్‌లో ఉందా? అడిగే తీరు కూడా ముఖ్యం. నిలదీసినట్టు అడిగితే టీచర్ తప్పు దాచుకుంటారు. గౌరవంగా అడిగితే, ఆ సమయం తమకు దొరకడం లేదని వాళ్లే చెబుతారు. అప్పుడు యాజమాన్యాన్ని అడగాల్సింది మరో స్క్రీన్ కాదు, టీచర్లకు ఆ ఒక్క గంట.