ఎండోస్కోపీ: మత్తుతోనా, మెలకువతోనా?

పరగడుపున వచ్చి, వెనుకటి మందుచీటీలు కుట్టిన ఫైలు ఒడిలో పెట్టుకొని, ఆసుపత్రి వరండాలోని బల్లపై తన వంతునకై వేచియున్న రోగిని నర్సు పేరు పెట్టి పిలిచి, “మత్తు ఇచ్చి చెయ్యమంటారా, ఇవ్వకుండానా?” అని అడుగును. జీవితములో మొదటిసారి ఎండోస్కోపీ చేయించుకొనబోవు ఆ పెద్దమనిషి ప్రక్కనున్న కొడుకు మొగమువంక చూచును. కొడుకు నర్సు మొగమువంక చూచును. కడపట ఇరువురును కలిసి “మీ ఇష్టమండీ” అందురు. ఆ మాటలో వైద్యునిపై గల గౌరవము నిండుగా నున్నది. నిర్ణయము మాత్రము లేదు. కొన్నిచోట్ల ఆ ప్రశ్నయైనను ఉండదు. రద్దీ మిక్కుటమగు ప్రభుత్వ వైద్యశాలలలో గొంతులో మందు చల్లి వరుసగా చూచి పంపుట పరిపాటి. పట్టణములలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు కొన్నింటిలో మత్తు ముందే ప్యాకేజీలో చేరియుండును. రోగి గొంతును, వయస్సును, గుండెను, భయమును విచారించి తేల్చవలసిన విషయము ఈ విధముగా ఆయా సంస్థల అలవాటునుబట్టి తేలిపోవుట నాకు సమంజసముగా తోచదు.

మనవారు “గొట్టం వేసి చూడటం” అను ఈ పరీక్ష యెట్టిదో ముందు తెలిసికొనినచో చిక్కు సగము విడును. 9 లేక 10 మిల్లీమీటర్ల లావును, మీటరునకు కొంచెము మించిన పొడవును గల మెత్తని నల్లని గొట్టము, కొనయందు దీపమును కెమెరాను ధరించి, నోటినుండి అన్నవాహికలోనికి, అచ్చటినుండి జీర్ణాశయములోనికి, దానిని దాటి చిన్నప్రేగు మొదటి భాగములోనికి పోయి, పోయిన త్రోవనే తిరిగి వచ్చును. ముందరి పండ్లనుండి జీర్ణాశయద్వారము సుమారు 40 సెంటీమీటర్ల దూరమున నుండును. రోగమేమో తెలిసికొనుటకు మాత్రమే చేయు పరీక్ష సాధారణముగా 5 నిముషములనుండి 10 నిముషములలో ముగియును. అల్సరుకు కారణమగు హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి కలదేమో చూచుటకై లోపలి పొరనుండి రెండు మూడు మిల్లీమీటర్ల తునకను చిన్న పట్టకారుతో గిల్లి తీసినను రోగికి తెలియదు. కోతను నొప్పిగా గ్రహించు శక్తి ఆ పొరకు లేదు.

మరి భరింపవలసినదేమనగా, ఓకరింత. నాలుక మొదలుగాని, గొంతు వెనుక గోడగాని తాకబడినంతనే, తొమ్మిదవ పదవ కపాలనాడుల మూలమున ఆ వార్త మెదడు క్రిందిభాగమునకు చేరి, వచ్చినదానిని వెలుపలికి నెట్టుమని కండరములకు ఆజ్ఞ యగును. కంఠమున కడ్డుపడు వస్తువులనుండి మనలను కాపాడుటకు ప్రకృతి నిలిపిన ఈ కావలివానికి, వచ్చినది దొంగయో వైద్యుని గొట్టమో తెలియదు. దీనికి తోడు ఊపిరి ఆగిపోవునేమో యను భయమొకటి. గొట్టము పోవునది అన్నవాహికలోనికి. దాని ముందు భాగముననున్న శ్వాసనాళము తెరచియే యుండును. ముక్కుతో గాలి వచ్చుచు పోవుచునే యుండును. బల్లపై పెనుగులాడువారిలో చాలమందికి ఈ ఒక్క సంగతి ముందుగా ఎవ్వరును చెప్పియుండరు.

ఈ పరీక్ష మత్తు లేకుండనే పుట్టినది. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున అడాల్ఫ్ కుస్మౌల్ అను వైద్యుడు, 47 సెంటీమీటర్ల పొడవుగల వంగని గొట్టమును జీర్ణాశయములోనికి దింపదలచి, అట్టిదానిని సహింపగలవాడెవ్వడా యని యోచించి, కత్తులు మ్రింగుట వృత్తిగా గల యొకనిని రప్పించెను. గొట్టము దిగెను గాని, ఆనాటి దీపపు వెలుతురు చాలక లోపల కనబడినది స్వల్పము. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ కొంతవరకు వంగు గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. 1954లో, పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీయు, లండనులో ఆయనకు గురువగు హెరాల్డ్ హాప్కిన్సును, గాజుపోగుల కట్టద్వారా ప్రతిబింబమును వంపులు త్రిప్పి పంపవచ్చునని ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. ఆ మార్గమున కృషిచేసి అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున ఎండోస్కోపును నిర్మించిన బాసిల్ హర్షోవిట్జ్, 1957లో దానిని మొట్టమొదట తన గొంతులోనికే, మొద్దుబార్చు మందైనను వాడక, దింపికొనెను. రోగికి చేయబోవుదానిని ముందు తనకు చేసికొనిన ఆ వైద్యునియెడ నాకు గౌరవము మెండు. అయినను ఆయనను గాని, కత్తులు మ్రింగువానిని గాని రోగులకు ఆదర్శముగా చూపుట న్యాయము కాదు. ఒకనికి అది జీవనోపాధి, ఇంకొకనికి తాను కనిపెట్టిన యంత్రముపై మక్కువ. కడుపుమంటతో వచ్చిన మన రోగికి ఈ రెండును లేవు. “ఐదు నిమిషాలకి మత్తెందుకయ్యా, మగాడివి కాదూ?” అని బంధువులు చేయు హేళనను నేనందుకే మెచ్చను.

మత్తు వలదనినంతమాత్రమున ఏ మందును లేకుండ చేయుదురని భావింపరాదు. లిగ్నోకెయిన్ స్ప్రేను గొంతులో చల్లుదురు. వాడుకలోనున్న నూటికి 10 పాళ్ల స్ప్రేలో ఒక్కొక్క చల్లునకు 10 మిల్లీగ్రాముల మందు పడును. రుచి చేదు. ఒకటి రెండు నిముషములలో గొంతు లావెక్కినట్లును, గుటక దిగనట్లును తోచును. క్రొత్తవారు గొంతు మూసికొనిపోవుచున్నదని బెదరుదురు. పోయినది స్పర్శ మాత్రమే. స్ప్రే ఓకరింతను తగ్గించును గాని పూర్తిగా అణపజాలదు. పంటి వైద్యుని యొద్ద మొద్దుబార్చు సూది వేయించుకొని ఎన్నడైన ఇబ్బందిపడినవారు ఆ మాటను ముందే చెప్పవలెను.

మత్తులోను రెండు తరగతులున్నవి. మొదటిది, మిడజోలమ్ అను మందును, కొన్నిచోట్ల ఫెంటనిల్‌తో కలిపి, చేతినరమునకు ఎక్కించుట. దీనివలన రోగి సాధారణముగా గాఢనిద్ర పోడు. పిలిచిన పలుకును, గుటక వేయుమనిన వేయును, ఓకరింత వచ్చిన మూలుగును. కాని భయము సడలును, పిదప చాలమందికి జరిగినదేదియు జ్ఞాపకముండదు. ఇచ్చట నొక చిత్రమైన సంగతి కలదు. గాఢనిద్రనుండి లేచినవాడు తాను హాయిగా నిద్రించితినని చెప్పుచున్నాడు గావున, ఆ నిద్రలోను మేల్కొనియున్న సాక్షి యొకడుండవలెనని మన వేదాంతులు వాదించిరి. మిడజోలమ్ ఆ వాదమును తలక్రిందులు చేయును: బల్లప్రక్క నిలిచినవారు రోగి మూలుగును చెవులార విందురు, రోగియో లేచి కూర్చుండి, “అప్పుడే అయిపోయిందా? నాకేం తెలియలేదే!” అనును. పడి మరచిన బాధ బాధయగునో కాదో పండితులు తేల్చుకొందురు గాక. “మత్తు ఇస్తే నాకేమీ తెలియదు కదా డాక్టరుగారూ?” అని అడుగు రోగికి, తెలియవచ్చును గాని గుర్తుండకపోవచ్చునని చెప్పుట వైద్యుని విధి. మరపే చాలునని కోరువారు అనేకులున్నారు, ఆ కోరికలో దోషము లేదు. తన దేహమునకు జరిగినది తనకు తెలియకపోవుటయే సహింపరానివారును కొందరుందురు. వారికి మెలకువయే హితము.

రెండవది ప్రొపోఫాల్. పాలవలె తెల్లగానుండు ఈ మందు నరములోనికెక్కిన నిముషములోపల నిజముగా నిదురపుచ్చి, ఆపిన కొలది నిముషములకే మేల్కొలుపును. రోగికి సుఖము దీనియందే యెక్కువ. కాని ఈ నిద్రకును, ఊపిరి మందగించుటకును నడుమ దూరము తక్కువ. పైగా మిడజోలమ్‌కు ఫ్లూమజెనిల్, ఫెంటనిల్‌కు నాలొక్సోన్ అను విరుగుడులుండగా, ప్రొపోఫాల్‌కు అట్టి విరుగుడు లేదు. అందుచేత దీనిని ఇచ్చునప్పుడు వేఱు పని పెట్టుకొనని మత్తు డాక్టరు దగ్గరనుండి, వ్రేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరును, రక్తపోటును కనిపెట్టుచుండవలెను. ఆ డాక్టరు ఎవరని అడుగుటకు సంకోచింపవలసిన పని లేదు. “ఎవరో ఒకరుంటారు లెండి” అను జవాబు వచ్చినచో, ఆనాటికి స్ప్రేతో సరిపుచ్చుకొనుటయో, మరియొక చోటికి పోవుటయో మేలని నా సలహా.

సామాన్య పరీక్షలో గొట్టమువలన గోడకు రంధ్రము పడుట మిక్కిలి అరుదు. జరుగు కొద్దిపాటి చిక్కులలో గణనీయమైన పాలు ఊపిరికిని గుండెకును సంబంధించినవి, వానికి ప్రధానకారణము మత్తు. ఆరోగ్యవంతునకు ఆ అపాయము స్వల్పమే. గుఱకతో నిద్రించుచు నడుమనడుమ ఊపిరి ఆగువారికి, మిక్కిలి స్థూలకాయులకు, ఆయాసముతో బాధపడువారికి, గుండెజబ్బు ముదిరినవారికి అది స్వల్పము కాదు. కాలేయము గట్టిపడినవారి దేహములో మిడజోలమ్ త్వరగా విరుగక, మగతను పొడిగించి మనస్సును కలతపెట్టవచ్చును.

వీనికంటె తక్కువగా చర్చింపబడునది, రోగి దినచర్య. మత్తు తీసికొనినవారు ఒంటరిగా ఇంటికి పోరాదు. 24 గంటలు బండి నడుపరాదు, యంత్రముల దగ్గర పనిచేయరాదు, దస్తావేజులపై సంతకము పెట్టరాదు. పల్నాటి పల్లెనుండి తెల్లవారుజాము బస్సుకు ఒంటరిగా గుంటూరు వచ్చిన రైతునకును, ఆ సాయంత్రము ఆటో తోలిననే గాని ఇల్లు గడువని యువకునకును ఇది చిన్న షరతు కాదు. స్ప్రేతో చేయించుకొనినవాడు, గొంతు మొద్దు వదలకమునుపు నీరు త్రాగినచో అది ఊపిరిత్తులలోనికి పోవచ్చును గావున, ఇంచుమించు గంటసేపు కూర్చుండి, పిదప రెండు ఇడ్లీలు తిని తన బస్సు తానెక్కును.

ఎవరు ఓర్చుకొనగలరన్న ప్రశ్నకు ముఖము చూచి చెప్పగల ఉత్తరము లేకున్నను, కొన్ని ఆనవాళ్లున్నవి. వయస్సుతో గొంతు చుఱుకుదనము తగ్గును గావున, అరువది దాటినవారు ఇరువదియేండ్ల వారికంటె తేలికగా ఓర్చుకొందురు. పిల్లలు భయపడుచున్నట్లు తాతలు భయపడవలసినది లేదు. ముందునుండియు ఆందోళనతో వణకువారు కష్టపడుదురు. ప్రతి ఉదయము నాలుకబద్ద నాలుక మొదలు తాకినంతనే కన్నీరు గ్రమ్మునంత ఓకరింత వచ్చువారు ఆ సంగతి డాక్టరునకు చెప్పుట మంచిది, అడుగకపోయినను చెప్పవలెను.

పసిపిల్లల విషయములోను, పిత్తనాళములోని రాళ్లను తీయుట మొదలగు దీర్ఘమైన చికిత్సలలోను ఈ చర్చకే తావు లేదు, మత్తు తప్పదు. చర్చకు తావున్నచోట కూడ మరువరానిది, చూపు యొక్క నాణ్యము. జీర్ణాశయపు మడతలను గాలితో విప్పి, నింపాదిగా, మూలమూలలు పరికించిననే గాని చిన్న మచ్చలవంటి తొలిదశ కాన్సరులు దొరకవు. రోగి ఎడతెగక ఓకరించుచు పెనుగులాడుచున్నప్పుడు వైద్యుడు తొందరపడుట సహజము. ఆ తొందరలో చూడవలసినది తప్పిపోవచ్చును. మత్తును కోరుటకు ఇది సుఖాపేక్షకంటె బలవత్తరమైన కారణము. మెలకువతోనే నిశ్చలముగా పరుండగలవానికి ఈ కారణము వర్తింపదు.

5, 6 మిల్లీమీటర్ల సన్నని గొట్టమును ముక్కునుండి దింపు పద్ధతియు నొకటి కలదు. నాలుక మొదలు తాకదు గావున ఓకరింత తక్కువ. నడుమ మాటాడవచ్చును కూడ. జపానులో దీనిని విరివిగా వాడుదురు. ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును, తీయు తునకయు చిన్నదిగానుండును. మన ఊళ్లలో అన్నిచోట్ల దొరకదు. అడిగి చూచుటలో తప్పు లేదు.

మెలకువతో చేయించుకొనుటకు నిశ్చయించుకొనినవారికి ఆ కొలది నిముషములు ఎట్లు గడుపవలెనో తెలియుట ముఖ్యము. కట్టుడుపండ్లు తీసివేసి, ఎడమప్రక్కకు ఒత్తిగిలి, గడ్డమును కొంచెము రొమ్మువైపు వంచి పరుండవలెను. పండ్లనడుమ ప్లాస్టిక్ కట్టు బిగింతురు. అన్నింటికంటె కష్టమైన క్షణము గొట్టము నాలుక మొదలు దాటునప్పటిది. డాక్టరు చెప్పినప్పుడు ఒక్క గుటక వేసినచో అది జారిపోవును. తరువాత గుటక వేయుటకు యత్నింపరాదు. లాలాజలము చెంపనుండి తువ్వాలుపైకి కారనిండు. ఇది మర్యాద పాటించు చోటు కాదు. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటె నెమ్మదిగా విడువవలెను. కన్నులు గట్టిగా మూసికొనినవారికంటె ఎదుటి గోడపై ఒక గుర్తును చూచుచుండువారు నిబ్బరముగా నుందురని నా నమ్మకము. లోపల గాలి నింపునప్పుడు పొట్ట ఉబ్బినట్లగును, త్రేపులు వచ్చును; చిన్నప్రేగు ద్వారము దాటునప్పుడు మరియొకసారి ఒత్తిడి తెలియును. మాటాడుటకు వీలుండదు గావున, చేయి యెత్తినచో ఆపవలెనని ముందే డాక్టరుతో చెప్పుకొనవలెను.

మధ్యేమార్గమొకటి నాకు ఉచితముగా తోచును. రోగనిర్ణయమునకై మొదటిసారి వచ్చిన మధ్యవయస్కుడు, అతిభయము లేనివాడు, స్ప్రేతో మొదలుపెట్టుమని కోరి, చేతినరమునకు క్యాన్యులా మాత్రము ముందే పెట్టించుకొనినచో, ఓర్చుకొనలేనప్పుడు అచ్చటనే మత్తు ఇచ్చుటకు వీలగును. ఇందుకు తోడుగా ఒకరిని వెంటబెట్టుకొని రావలెను. ఏ పద్ధతియైనను ఉండవలసిన ఉపవాసము, అనగా భోజనమునకు 6 గంటలు, మంచినీటికి 2 గంటలు, యథావిధిగా ఉండవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ వాడువారును, రక్తము పలుచన చేయు మాత్రలు వేసికొనువారును ఏ మోతాదు ఆపవలెనో, ఏది ఆపరాదో ముందటి దినముననే అడిగి తెలిసికొనవలెను. నడుమ ఆపించి మరియొక దినము మత్తుతో చేయించుకొనిన రోగిని ఎవ్వరును చులకన చేయనక్కరలేదు. ఎట్లు చేసినను, ఏ మందు ఎంత ఇచ్చిరో, రోగి ఎట్లు ఓర్చుకొనెనో రిపోర్టులో ఒక వాక్యము వ్రాయించుకొనుట మంచిది; మరల ఎన్నడైన ఆ పరీక్ష అవసరమైనప్పుడు, చేయు వైద్యుడు వేఱొకడైనను, అది ఆయనకు పనికివచ్చును.