నవ్వు ఒకటే, అర్థాలు రెండు

ఏమర్రా పిల్లలూ, ఒకే సినిమాకి వెళ్ళి, పక్కపక్కనే కూర్చుని, ఒకే చోట నవ్విన ఇద్దరు హాలు బయటికొచ్చాక వాదులాడుకోవడం ఎప్పుడైనా విన్నారా? "ఆ పాత్రని భలే ఎండగట్టాడు" అంటాడు ఒకడు. "ఎండగట్టడమేమిటి, ఎంత గొప్పగా చూపించాడో!" అంటాడు రెండోవాడు. ఆ రెండోవాడికి బుర్ర లేదని తేల్చేస్తాం మనం. తొందరపడకండి. ఇందులో బుర్ర చేసే పని చాలా ఉంది.

ముందు, అసలుదాన్ని అనుకరిస్తూ నవ్వించే పేరడీ సంగతి చూద్దాం. క్లాసులో ఒకడు లెక్కల మేష్టారి నడక నడిచి చూపిస్తే, మేష్టారిని ఎరిగినవాళ్ళే పగలబడి నవ్వుతారు. నిన్ననే బళ్ళో చేరిన పిల్లాడు తెల్లమొహం వేస్తాడు. పేరడీ సినిమా కూడా అంతే. 2010లో తమిళంలో 'తమిళ్ పడం' వచ్చింది. దాన్నే 2012లో అల్లరి నరేష్‌తో 'సుడిగాడు'గా తీసి, మన హిట్ సినిమాల సీన్లనీ, హీరోల బిల్డప్పులనీ వరసపెట్టి ఆటపట్టించారు. ఆ సినిమాలు చూడనివాడికి తెరమీద కనిపించేది అర్థంలేని గోల. శ్రీశ్రీ కవితల మీద జరుక్ శాస్త్రిగారు రాసిన పేరడీలు కూడా ఆ కవితలు చదువుకున్నవాళ్ళకే పూర్తిగా రుచిస్తాయి. ఇక్కడ లోటు తెలివిలో లేదు, పరిచయంలో ఉంది. అసలుది చూపిస్తే తీరిపోతుంది.

వ్యంగ్యం దగ్గర కథ వేరు. మాటకి అర్థం తెలిస్తే చాలదు, ఆ మాట అన్నవాడి మనసులో ఏముందో కూడా మెదడు ఊహించాలి. గదంతా చిందరవందర చేసిన నాలుగేళ్ళ వాణ్ణి "ఎంత చక్కగా సర్దావురా!" అనండి, మెచ్చుకున్నారని మురిసిపోతాడు. వెటకారం పట్టుకోవడం సుమారు ఆరేళ్ళ వయసు నుంచి మొదలై, మెల్లగా ముదురుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధనలో, నుదుటి వెనకుండే మెదడు భాగం దెబ్బతిన్నవాళ్ళు మామూలు మాటలు అర్థం చేసుకుంటూనే వెటకారం దగ్గర తడబడ్డారు.

ఇంట్లో అయితే గొంతు, కనుబొమ్మ మనకి సాయం చేస్తాయి. సినిమా ఆ సాయాన్ని కావాలనే దాచేస్తే? 1997లో పాల్ వెర్‌హోవెన్ అనే దర్శకుడు 'స్టార్‌షిప్ ట్రూపర్స్' సినిమా తీశాడు. నాజీల ఆక్రమణలో ఉన్న హేగ్ నగరంలో చిన్నతనం గడిపిన మనిషి ఆయన. యుద్ధోన్మాదాన్ని ఎగతాళి చేయాలని అందమైన కుర్రకారుని, ఉత్సాహం పొంగే సంగీతాన్ని, సైన్యంలో చేరమనే ప్రకటనలని పెట్టాడు. నాజీ యూనిఫాంలని గుర్తుచేసే కోట్లు తొడిగించాడు. అయితే "ఇది తప్పు" అని గట్టిగా చెప్పే పాత్ర అందులో లేదు. దాంతో కొందరు విమర్శకులు సైతం దాన్ని నియంతృత్వాన్ని మెచ్చుకునే సినిమా అనుకున్నారు.

వ్యంగ్యం ఇలా తలకిందులుగా అర్థమవడానికి అన్నిటికంటే బలమైన కారణం మన లోపలే ఉంది. అమెరికాలో 1971లో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' అనే టీవీ ధారావాహిక మొదలైంది. అందులో ఆర్చీ బంకర్ అనే పెద్దాయన నల్లవాళ్ళనీ, యూదులనీ, ఆడవాళ్ళనీ నోటికొచ్చినట్టు అంటుంటాడు. అల్లుడు మైక్ ఎదురు వాదిస్తుంటాడు. దురభిప్రాయాల్ని నవ్వులపాలు చేయాలని నిర్మాత నార్మన్ లియర్ ఉద్దేశం. విడ్మార్, రొకీచ్ అనే పరిశోధకులు అమెరికా, కెనడా ప్రేక్షకులని అడిగి చూసి 1974లో ఫలితాలు ప్రకటించారు. ఆర్చీలాంటి అభిప్రాయాలు బలంగా ఉన్నవాళ్ళు ఆర్చీనే ఎక్కువగా మెచ్చుకున్నారు, వాదనలో అతనిదే పైచేయి అన్నారు. 2009లో స్టీఫెన్ కోల్‌బేర్ అనే అమెరికన్ హాస్యనటుడి టీవీ కార్యక్రమం మీద చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. సంప్రదాయవాదిగా నటిస్తూ ఆ వాదాన్నే ఎగతాళి చేసేవాడు ఆయన. ఉదారవాదులూ, సంప్రదాయవాదులూ ఆయన్ని చూసి సమానంగానే నవ్వారు. కానీ "ఆయన హాస్యం పైపైన, ఆ మాటలు మనస్ఫూర్తిగానే అంటున్నాడు" అని నమ్మినవాళ్ళు సంప్రదాయవాదుల్లోనే ఎక్కువ.

చూశారా! కన్ను దృశ్యాన్ని చూస్తుంది, దానికి అర్థం మాత్రం మనకి ముందునుంచీ ఉన్న నమ్మకం చెబుతుంది. మనకిష్టమైన దాన్నే ఎవరో ఎగతాళి చేస్తున్నారని ఒప్పుకోవడం మనసుకి కష్టం. అందుకని ఆ ఎగతాళినే మెచ్చుకోలుగా మార్చేసుకుంటుంది. ఇది నాకూ, మీకూ, ఎంత చదువుకున్నవాళ్ళకైనా జరగగలదు.

కాబట్టి నాన్నా, వ్యంగ్యం అందని మనిషిని మొద్దు అనకండి. పేరడీ అయితే అసలు సినిమా చూపించండి. వ్యంగ్యమైతే "ఇక్కడ నువ్వు ఎవరిని చూసి నవ్వావు? ఎందుకు?" అని నెమ్మదిగా అడగండి. అదే ప్రశ్న మీకు మీరూ వేసుకోండి. కలిసి నవ్వినంత మాత్రాన ఒకే మాట విన్నట్టు కాదు, అడిగితేనే తెలుస్తుంది.