దుకాణం ముందు పిల్లలు

మీ యింట్లో పాత ఫొటోలు దాచిన పెట్టె వుందా? వుంటే ఒక ఫొటో తీసి వెనక్కి తిప్పి చూడండి. ఎవరైనా తేదీ రాసి వుంటే సరే. రాయకపోతే అది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? తాతయ్యను అడిగితే, "మీ నాన్న పుట్టకముందు తీసింది," అంటాడు. బామ్మను అడిగితే, "కాదు, పుట్టిన తరవాతే," అంటుంది. తగువు తీర్చేవాళ్లుండరు.

ఇవాళ మీకు అమెరికా దేశంలో ఎనభై, తొంభై యేళ్ల కిందట తీసిన కొన్ని ఫొటోల సంగతి చెబుతాను. వాటిలో చాలావాటికి తేదీ వెనక వైపు వెతకనక్కరలేదు. అది ముందువైపే వుంటుంది. చూసే ఓపిక మాత్రం వుండాలి.

ఆ ఫొటోలు యిలా వుంటాయి: వీధి మూల ఒక చిన్న పత్రికల దుకాణం. పైనుంచి కిందిదాకా వరసలు వరసలుగా పత్రికలు. వాటిలో రంగు రంగుల అట్టలతో బొమ్మల కథల పుస్తకాలు. అమెరికావాళ్లు వాటిని కామిక్ పుస్తకాలంటారు. ఆ వరసల ముందు ఒక కుర్రవాడు తల వంచుకుని నిలబడి వుంటాడు. పక్కవాడు వాడి భుజం మీదుగా తొంగి చూస్తూ వుంటాడు. తమను ఎవరో ఫొటో తీస్తున్నారన్న ధ్యాస యిద్దరికీ వుండదు.

ఇలాంటి ఫొటోలు ఎవరు తీశారు? 1929లో అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం మొదలైంది. లక్షలమందికి పనులు పోయాయి, రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. ప్రజల అవస్థ దేశానికంతటికీ తెలియాలని అక్కడి ప్రభుత్వం 1935 నుంచి ఫొటోగ్రాఫర్లను వూరూరా పంపింది. ఆ పనికి పెద్ద రాయ్ స్ట్రైకర్ అనే ఆయన. పొలాలూ గుడిసెలే గాక అంగళ్లు, బడులు, వీధులు కూడా వాళ్లు ఫొటోలు తీశారు. జాన్ వాచన్ అనే యువకుడు 1938 నవంబరులో ఒమాహా నగరంలో ఒక పత్రికల దుకాణాన్నే ఫొటో తీశాడు. ఆ ఫొటోలన్నీ, సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగిటివ్‌లు, ఈనాడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే మహా గ్రంథాలయంలో భద్రంగా వున్నాయి. వాటిని యింట్లో కూర్చుని కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చు. తరవాతి కాలంలో రూత్ ఆర్కిన్ అనే ఆమె కూడా 1947లో న్యూయార్కు నగరంలో, కామిక్‌లు చదువుతున్న పిల్లలను ఫొటో తీసి పేరు పొందింది.

సరే, ఫొటోలో తేదీ ఎక్కడుందో చూద్దాం. 1938లో "యాక్షన్ కామిక్స్" అనే పత్రిక మొదటి సంచిక వచ్చింది. సూపర్‌మాన్ అనే వీరుడు లోకానికి కనిపించింది ఆ సంచికలోనే. వాణ్ణి కల్పించినవాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే యిద్దరు మిత్రులు. క్లీవ్‌లాండ్ నగరంలో ఒకే హైస్కూల్లో చదువుకున్నారు. సంచిక వచ్చేనాటికి ఇద్దరికీ 23 యేళ్లే. వాళ్లకు ముట్టింది 130 డాలర్లు. ఆ డబ్బుతో పాటు సూపర్‌మాన్ మీద హక్కు కూడా వాళ్ల చేయి దాటిపోయింది.

ఆ సంచిక అట్ట మీద "జూన్ 1938" అని వుంది. కాని అది దుకాణాలకు వచ్చింది ఏప్రిల్‌లోనే! ఇదేమిటి? అచ్చువేసినవాళ్లు పొరపాటు పడ్డారా? కాదు. అట్ట మీద వేసే నెల పుస్తకం వచ్చిన నెల కాదు. దాన్ని దుకాణంలోంచి తీసేయవలసిన నెల. ముందు నెల పేరు వుంటే పుస్తకం పాతబడినట్టు కనిపించదు, దుకాణదారుకు గడువూ తెలుస్తుంది. గడువు దాటాక అమ్ముడుపోని ప్రతుల అట్టలు, లేదా అట్ట మీద పేరు వున్న ముక్క, చించి వెనక్కి పంపితే అతని డబ్బు అతనికి వచ్చేది.

ఇప్పుడు లెక్క కట్టండి. ఒక ఫొటోలో ఆ జూన్ సంచిక దుకాణంలో వేలాడుతూ కనిపించిందనుకోండి. ఫొటో 1938 ఏప్రిల్‌కు ముందు తీసింది కాజాలదు. జూన్ దాటాక తీసిందీ కాకపోవచ్చు. అదే సంచిక దుకాణంలో గాక ఒక పిల్లవాడి చేతిలో కనిపిస్తే? ఏప్రిల్‌కు ముందు కాదని చెప్పవచ్చుగాని, ఎంత తరవాతో చెప్పలేం. ఎందుకంటే దుకాణంలో పుస్తకం బతుకు ఒకటి రెండు నెలలే. పిల్లల చేతుల్లో పడ్డాక యేళ్ల తరబడి తిరుగుతుంది.

నిజంగానే తిరిగేది. ఒక్కొక్క కామిక్ వెల పది సెంట్లు. ఆ రోజుల్లో కోకకోలా సీసా అయిదు సెంట్లు. అంటే ఒక పుస్తకం కొంటే రెండు సీసాలు మానుకోవాలి. అంచేత ఒకడు కొనేవాడు, నలుగురు చదివేవారు. చదివినదాన్ని యిచ్చి చదవనిది పుచ్చుకునేవారు. పాత ఫొటోల్లో నలిగిపోయి, అట్ట చిరిగిన పుస్తకాలు కనబడేది అందుకే.

అలా నలిగినవి చాలావరకు మిగల్లేదు. ఆ కాగితం చెక్కగుజ్జుతో చేసిన చౌకరకం. చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం వుంటుంది. దానికి గాలీ, వెలుతురూ తగిలితే కాగితం పసుపురంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. పైగా రెండవ ప్రపంచయుద్ధకాలంలో పాతకాగితం యుద్ధానికి కావాలంటే పిల్లలే యిల్లిల్లూ తిరిగి పోగుచేసి యిచ్చారు. పది సెంట్లకు అమ్మిన ఆ సూపర్‌మాన్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో అరవై లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

కొన్ని పుస్తకాలు మాత్రం పాతబడి పోలేదు. వాటిని తగలబెట్టారు. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్‌లో, న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హాంటన్‌లో కామిక్‌లు కుప్పపోసి నిప్పంటించారు. మంట చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్న ఫొటోలు వున్నాయి. దుకాణం ముందు నిలబడ్డ పిల్లల ఫొటో పక్కన ఆ ఫొటో పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పెద్దల భయం ఉత్తిదని అనలేం. వాటిలో హత్యలూ, భయంకరమైన బొమ్మలూ వున్నవి కొన్ని నిజంగానే వుండేవి. 1954లో ఫ్రెడ్రిక్ వర్తమ్ అనే మనోవైద్యుడు కామిక్‌లవల్ల పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. ఆ యేడే అమెరికా సెనేటు విచారణ జరిపింది. పత్రికలవాళ్లు బెదిరి తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. వర్తమ్ చనిపోయాక ఆయన కాగితాలు ఆ మహా గ్రంథాలయానికే చేరాయి. కరోల్ టిల్లీ అనే అధ్యాపకురాలు వాటిని ఓపికగా చదివింది. పిల్లలు చెప్పిన మాటలను ఆయన కొన్నిచోట్ల మార్చి, కొన్నిచోట్ల తగ్గించి రాశాడని 2012లో రుజువు చేసింది. మేలు చేయాలన్న ఆత్రంలో ఆ వైద్యుడు పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయలేదు.

ఆయన్ను తప్పుపట్టే ముందు నా తప్పు కూడా చెప్పాలి. నేను ఉపాధ్యాయుణ్ణయిన కొత్తలో, లెక్కల పాఠం జరుగుతూ వుంటే వెనక బల్ల మీది కుర్రవాడు ఒళ్లో బొమ్మల కథల పుస్తకం పెట్టుకుని చదువుతున్నాడు. లాక్కుని బీరువాలో పడేశాను. వాడు రెండుసార్లు వచ్చి, "మాస్టారూ, పుస్తకం..." అని నసిగాడు. కసిరి పంపేశాను. కొన్నాళ్లకు వాళ్ల నాన్నకు బదిలీ అయి ఆ కుటుంబం వూరు విడిచి వెళ్లింది. వేసవి సెలవులకు ముందు బీరువా సర్దుతూ ఆ పుస్తకం మొదటిసారి విప్పాను. కష్టమైన మాటల కింద పెన్సిలుతో గీతలు. వెనక అట్ట లోపల ఆ మాటలన్నీ వరసగా రాసి, తెలిసినవాటికి అర్థాలు రాసుకున్నాడు. తెలియనివాటి ఎదుట ఖాళీ వదిలాడు. ఆ అర్థాలు చెప్పవలసినవాణ్ణి నేనే. లెక్కలవేళ చదవడం తప్పేగాని, నేను పుస్తకం తెరిచి చూడకపోవడం అంతకంటె పెద్ద తప్పు.

తల్లిదండ్రులకు నా మనవి: పిల్లల చేతిలోని పుస్తకం తీసుకోవలసివస్తే, ముందు దాన్ని విప్పి చదవండి. ఆ తరవాతే మంచి చెడ్డలు చెప్పండి.

ఇక పిల్లలూ, మీకొక పని. తేదీ లేని పాత ఫొటో ఒకటి తీసుకోండి. అందులో గోడ మీద కేలండరుందా, సినిమా పోస్టరుందా, ఎవరి చేతిలోనైనా పత్రిక వుందా, భూతద్దం పెట్టి వెతకండి. ఆ ఫొటో ఎప్పటికి ముందు కాదో, ఎప్పటికి తరవాత కాదో రెండు వరసల్లో రాసి, తాతయ్యకూ బామ్మకూ చూపించండి. వాళ్ల తగువు తీర్చగలరేమో చూడండి.